గృహనిర్వహణము: అమ్మకమునకు పెట్టిన యిల్లు

వర్ని నుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ నెల మాకు చేరినది. జాబు నాలుగు పుటలున్నది గాన దాని సారమును మాత్రమే యిచ్చట ఇచ్చుచున్నాము. ఇల్లు మామగారి తండ్రి కట్టించినది. ఇంటిలో ఎనమండుగురు: అత్తగారు, మామగారు, తాము దంపతులు, మఱది, తోడికోడలు, ఇద్దఱు పిల్లలు. అత్తగారు పక్షవాతముతో మంచమెక్కి సంవత్సరము దాటినది. పెద్దపిల్లవాడు పదవ తరగతి చదువుచున్నాడు. అన్నదమ్ములిరువురును భాగములు పంచుకొని, ఒకరు నిజామాబాదునకును, ఒకరు హైదరాబాదునకును పోవ నిశ్చయించి, ఇంటిని అమ్మకమునకు పెట్టి నాలుగు నెలలైనది. “చూడవచ్చువారు చెప్పి రారు. మొన్న ఒకనాడు గిన్నెలు తోమక మునుపే, పిల్లల పుస్తకములు నడవలో పఱచియుండగానే వచ్చి, ఐదు నిమిషములు నిలిచి, మొగము చిట్లించుకొని పోయిరి. మావారికి కోపము వచ్చినది. ఇల్లు చక్కగా నుంచనందుననే బేరము తప్పినదని యనిరి. పడమటి గోడ నిమ్మెక్కినది. బీరువాను దానికడ్డముగా జరిపినచో కనబడదని పొరుగింటి వదినగారు చెప్పుచున్నారు. ఏమి చేయుదును?” అని ఆమె యడిగినది.

ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. ఆ ప్రాంతమున ఇల్లు కట్టుటయు, ఇల్లు విడుచుటయు మొదటినుండియు పెనగొనియే యున్నవి. మంజీరా నదిమీద నిజాంసాగరమును 1923లో మొదలిడి 1931లో ముగించిరి. కాలువనీరు పాఱిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి రైతు కుటుంబములు తరలివచ్చి, వర్ని, బోధన్, బాన్సువాడ ప్రాంతములలో పొలములు కొని, క్యాంపులని పేరుపడిన పల్లెలను కట్టుకొన్నవి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితము కాగా, చెఱకు పైరును నమ్ముకొని మఱికొన్ని యిండ్లు లేచినవి. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. తాతలు కట్టిన యిండ్లను మనుమలు చదువులకును ఉద్యోగములకును అమ్ముకొని పోవుట ఇప్పుడు వింత కాదు, తప్పును కాదు. కాని అమ్మకము సాగు ఆ నెలలలో ఇంటిపని రెట్టింపగుననియు, ఆ రెట్టింపు ఒక్క మనిషి నెత్తిమీదనే పడుననియు ఎవరును లెక్క వేయరు. బేరము కుదిరిన ఘనత మగవారిది, బేరము తప్పిన నింద గిన్నెలది!

పండుగకు దిద్దిన యిల్లు వేఱు, అమ్మకమునకు పెట్టిన యిల్లు వేఱు. సంక్రాంతి ఎన్నడు వచ్చునో పంచాంగమున నుండును. కొనువాడు ఎన్నడు వచ్చునో ఏ పంచాంగమునను ఉండదు. ఆఱు నెలలపాటు ప్రతిదినము సంక్రాంతి చేయుట ఏ గృహిణికిని శక్యము కాదు. కావున, సోదరీ, ప్రతి గదియు ప్రతి క్షణమును మెఱయుచుండవలెననెడి పట్టును మొట్టమొదట విడువుడు. ఎప్పుడు కబురు వచ్చినను అరగంటలో దిద్దుకొనదగిన స్థితిలో ఇల్లుండినచో చాలును. మేము చెప్పబోవునదంతయు ఆ యరగంటను సంపాదించుట యెట్లనుటయే.

దానికి ముందుగా కావలసినది చీపురు కాదు, వేళ. మధ్యవర్తి గాని, కొనువారు గాని, ఒక గంట ముందు ఫోను చేసి తెలుపనిదే ఇల్లు చూపబోమని మీ భర్తగారు చెప్పవలెను. ఉదయము పదింటినుండి పండ్రెండింటివఱకు, సాయంత్రము నాలుగింటినుండి ఆఱింటివఱకు అని రెండు వేళలను నిర్ణయించి, మధ్యవర్తి చేత ఒప్పించుకొనుడు. “అట్లు చెప్పిన కొనువారు పోవుదురేమో” యని మగవారు వెనుదీయుట కలదు. లక్షలు పెట్టి యిల్లు కొనదలచినవాడు ఒక గంట ఆగలేక పోడు. పోయినవాడు దారిన పోవుచు వినోదమునకై వచ్చినవాడే. చెప్పక వచ్చినవారిని అవమానింప బనిలేదు. అరుగుమీద కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, పెరడును, బావిని, బోరును మామగారి చేత ముందుగా చూపింపవచ్చును. ఆ లోపల అరగంట మీ చేతిలో నుండును.

ఇక సామాను. ఇంట మురికి కంటె సామానే యెక్కువ కష్టము కలిగించును. ఊడ్చుటకు చోటు లేనిచోట ఎంత ఊడ్చినను ఊడ్చినట్లు కనబడదు. మీ యింటివంటి వ్యవసాయపు ఇంటిలో నడవలో గోనెసంచులు, మూలన పిచికారీ యంత్రము, అటకమీద మూడు తరముల ఇత్తడి బిందెలు, పెట్టెల మీద బొంతలు, బొంతల మీద మఱల పెట్టెలు ఉండుట సహజము. ఇల్లు అమ్మిన పిమ్మట వీనినన్నిటిని ఎట్లును మూటగట్టవలసినదే. ఆ మూటలను ఇప్పుడే కట్టుడు. ఏడాదికొకమాఱు గాని దింపని పాత్రలు, చలికాలపు దుప్పట్లు, పై తరగతికి పోయిన పిల్లల పాతపుస్తకములు, పనిచేయని విద్యుత్పరికరములు, వీనిని వేఱు చేసి, ఇచ్చివేయదగినవి ఇచ్చి, పాతసామాను కొనువానికి అమ్మదగినవి అమ్మి, మిగిలినవానిని బంధువుల యింటనో పొలము కొట్టమునందో భద్రపఱుపుడు. భాగములు పంచుకొను ఇంటిలో ఈ పని తోడికోడండ్రిద్దఱును కలిసి చేయవలెను. ఏ బిందె ఎవరిదో ఖాళీ చేయునాడు తగవులాడుకొనుట కంటె ఇప్పుడే మాటలాడుకొనుట మేలు.

కొందఱు ఇల్లంతయు ఖాళీగా కనబడవలెనని వస్తువులన్నిటిని ఒక్క గదిలో కుక్కి తాళము వేయుదురు. అది తెలివి కాదు. వచ్చినవారు మొట్టమొదట అడుగునది ఆ గది తాళమునే. తెఱువనన్నచో అందు ఏదో లోపమున్నదని అనుమానింతురు. తెఱచినచో సంచులు వారి కాళ్లమీద పడును.

పురుగుమందుల డబ్బాల విషయమున మాత్రము అమ్మకమున్నను లేకున్నను ఒకటే మాట. అవి ఇంటిలో నుండరాదు. ఇల్లు చూడవచ్చువారి పిల్లలు ప్రతి మూలయు తడవుదురు. వానిని పొలమునందు తాళము గల అఱలో పెట్టింపుడు. ఖాళీ డబ్బాలను కడిగి నీళ్లకు వాడుట అంతకంటె ప్రమాదము. కడిగినను విషము పోదు.

సామాను తగ్గిన పిమ్మట దినచర్య తేలికయగును. రాత్రి పండుకొనుటకు ముందు వంటగిన్నెలు తోమబడి, పొయ్యిగట్టు తుడువబడి యుండవలెను. ఈ యొక్క నియమమును తప్పక పాటించిన యింట ఉదయము సగము పని ముగిసినట్లే. వాకిలి, నడవ, వంటిల్లు, స్నానపు గది, ఈ నాలుగు చోట్లను దినమునకొకమాఱు చూచుకొనుడు. తక్కిన గదులను వారమున వంతులవారీగా చేసికొనవచ్చును. కొనవచ్చిన కుటుంబమునందలి స్త్రీలు పడకగదిని ఒకమాఱు తొంగిచూచి వత్తురు గాని, వంటింటిలోను స్నానపు గదిలోను నిలిచి చూతురు. నీటిగొట్టము త్రిప్పి చూతురు. తూము దగ్గఱ వాసన చూతురు. ఆ తూమునందలి జాలెడను నెలకొకమాఱు ఊడదీసి కడిగినచో వాసన రాదు. పైన ఎన్ని అగరువత్తులు వెలిగించినను జాలెడ కడుగని వాసన పోదు. పైగా ఘుమఘుమలు మితిమీఱిన యింట, దేనినో కప్పిపుచ్చుటకే యవి వెలిగించిరని వచ్చినవారనుకొందురు. చేపలకూర వండినదినమున కబురు వచ్చినచో కిటికీలు తెఱచి, ఫ్యాను వేసి, గిన్నెను పెరటి గట్టుమీదికి చేర్చుడు. చేపలు తినువారి యింటికి చేపలు తినువారే కొనవచ్చుట గూడ కలదు, అంత భయపడవలదు.

నడవ సంగతి పిల్లలకు చెప్పుడు. ఒక పెద్ద వెదురుగంపను నడవలో ఒక మూల నుంచి, కబురు రాగానే పుస్తకములు, చెప్పులు, ఛార్జరు తీగలు, కంచెమీది తువ్వాళ్లు, ఏది కనబడిన దానిని గంపలో వేసి పెరటి గదిలో పెట్టుట చిన్నపిల్లవాని పనిగా నిర్ణయింపుడు. వచ్చినవారు పోగానే గంపను తిరిగి తెచ్చుటయు వాని పనియే. పెద్దవాడు పరీక్షకు చదువుచున్నవాడు గాన వానిని కదలింపకుడు. చదువుకొను పిల్లవాడు బల్లముందు కూర్చుండి యుండగా చూచిన యిల్లు ఎవరికిని అసహ్యము కాదు. మఱదిగారు వాకిటి మోటారుబండ్లను ఒక ప్రక్కకు తీయవలెను. దండెముమీది బట్టలను తోడికోడలు తీయవలెను. మీ భర్తగారు మంచములమీది దుప్పట్లను సరిచేయవలెను. మగవారు దుప్పటి సరిచేయుట నవ్వదగిన సంగతి యని తలచు కాలము పోయినది. అమ్ముచున్నది వారి సొత్తును గదా! అరగంటపని ఐదుగురు చేసినచో ఆఱు నిమిషములలో ముగియును.

ఇక నేల. వర్ని, బోధన్ ప్రాంతములలో పాతయిండ్లకు షాబాదు బండలు పఱచుట వాడుక. ఇవి సున్నపురాయి జాతి బండలు. వీనిమీద మెఱుపు రావలెనని యాసిడ్ పోయువారు పెక్కురున్నారు. యాసిడ్ తగిలినచోట బండ పొంగి నుఱుగులు గ్రక్కును; అది మురికి పోవుట కాదు, బండయే కరగిపోవుట. మఱునాడు ఆ చోటు తెల్లగా, గరుకుగా మాఱి, మురికిని మునుపటికంటె రెట్టింపుగా పట్టుకొనును. నిమ్మరసము, చింతపండు గూడ ఇట్టివే. చింతపండు ఇత్తడి బిందెకు మంచిది, బండకు కాదు. బిందెను బండమీద పెట్టి తోమకుడు. కొంచెము సబ్బుపొడి కలిపిన గోరువెచ్చని నీటితో మెత్తని పీచు పెట్టి రుద్ది, వెంటనే మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడుచుటయే షాబాదు బండకు తగిన సేవ. వంటింటి బండలకు నూనె యింకి నల్లని మచ్చలున్నచో, ముగ్గుపిండిని సబ్బునీటితో చిక్కగా కలిపి మచ్చమీద పట్టించి, తడిగుడ్డ కప్పి రాత్రియంతయు ఉంచి, ఉదయమున గీకివేయుడు. రెండు మూడు మాఱులు చేసినచో పిండి నూనెను పీల్చును. స్నానపు గదిలో మొజాయికు పలకలున్నను ఇదే జాగ్రత్త. పింగాణీ దొడ్డిపాత్రకు యాసిడ్ వాడినను, అదేనాడు బ్లీచింగు పొడిని దానిమీద వేయరాదు. ఆ రెండును కలిసినచో విషవాయువు పుట్టును. మూసిన చిన్న గదిలో అది ప్రాణాపాయము.

పడమటి గోడకు వచ్చెదము. సోదరి యడిగిన ప్రశ్నలన్నిటిలో ఇదియే పెద్దది.

పొరుగింటి వదినగారి సలహా మేలుకోరి చెప్పినదే యగుగాక, దానిని వినకుడు. బీరువా వెనుక నిమ్ము తగ్గదు. గాలి తగులక యింకను పెరుగును. బీరువా త్రుప్పుపట్టును, లోపలి పట్టుచీరలకు బూజు పట్టును. మంచి బేరగాడు బీరువాను జరిపించి చూచును. జరిపిన పిమ్మట వాడు గోడనే గాక, మీరు చెప్పిన ప్రతి మాటను అనుమానించును; అంతవఱకు నమ్మిన బోరునీటిని, పత్రములను గూడ నమ్మడు. ధర్మమటుంచి, చట్టము గూడ ఇట్లే యున్నది. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 55వ విభాగము ననుసరించి, అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో చూచినను కనుగొనరాని ముఖ్యలోపమును అమ్మువాడు కొనువానికి తెలుపవలసియున్నది. కనబడుచున్న నిమ్మునకు అడ్డముగా బీరువా నుంచుట, కనుగొనదగిన లోపమును కనుగొనరానిదిగా మనమే చేయుట.

మఱి యేమి చేయవలెను? మొదట ఆ నిమ్ము ఎందునుండి వచ్చుచున్నదో చూడుడు. నిజాంసాగరపు కాలువల క్రింది భూములలో నేలలోపలి నీరు పైపైననే యుండుట గలదు, నల్లరేగడియో నీటిని వదలదు. పునాదులలో నీటిని అడ్డగించు ఏర్పాటు లేని పాతగోడలు ఆ తడిని దీపపు వత్తివలె పైకి పీల్చుకొనును. దీనిని నిలువున మాన్పుట కష్టము. కాని నిమ్మంతయు నేలనుండియే రాదు. గోడకు వెలుపల పేడకుప్పయో మట్టికుప్పయో ఆనియున్నదా? చూరునీరు గోడమొదట పడుచున్నదా? స్నానపు నీటి కాలువ పగిలినదా? పూలకుండీలు గోడకు చేర్చి పెట్టి నీళ్లు పోయుచున్నారా? ఈ నాలుగిటిలో ఒకటైనను తఱచుగా నుండును, దానిని సరిచేయుట రెండు దినముల పని.

అది సరిచేసిన పిమ్మట గోడకు పొంగిన తెల్లని యుప్పును పొడి బ్రష్షుతో దులుపుడు. నీళ్లతో కడిగినచో ఉప్పు కరగి మఱల గోడలోనికే పోవును. పెచ్చులూడిన గారను గీకివేసి, ఎండకాలమైనచో మూడు నాలుగు వారములు గాలికి ఆఱనిండు. ఆఱక ముందే మెఱుపురంగులు వేయించుట డబ్బు తగులవేయుటయే. ప్లాస్టిక్ రంగు తడిని లోపలనే బంధించి, కొలది నెలలలో బొబ్బలు లేచి ఊడును. సిమెంటుతో పూసినచో తడి ఆ పూత వెనుక ఇంకను పైకి ఎక్కును. పాతగోడకు పాత సున్నమే తగినది. సున్నపుపూత గోడను ఊపిరాడనిచ్చును. రాతిసున్నమును నీటిలో కొద్దికొద్దిగా వేసి (నీటిని సున్నముమీద పోయరాదు, అది కుతకుత నుడికి చిందును, కన్నులకు ప్రమాదము, పిల్లలను దూరముగా నుంచుడు) ఒక రాత్రి నాననిచ్చి, పలుచని గుడ్డలో వడగట్టి, కొంచెము జిగురును, పసుపుడౌలు పోవుటకు చిటికెడు నీలిమందును కలిపి, గోడను తడిపి, పలుచగా రెండు మూడు పూతలు వేయింపుడు. చిక్కగా ఒకే పూత వేసినచో బట్టలకంటుకొనును.

తరువాత కొనువారు వచ్చినప్పుడు ఆ గోడను మామగారే చూపి, “ఇచ్చట నిమ్ము వచ్చుచుండెను, వెలుపలి కాలువ బాగు చేయించితిమి, వానకాలమున ఇంకను కొంత రావచ్చును” అని చెప్పవలెను. దీనివలన ధర కొంత తగ్గవచ్చును. తగ్గిన దానిని మేము కాదనము. కాని దాచి అమ్మినచో పిమ్మట వచ్చు తగవు, బయానా వెనుకకిమ్మనెడి పేచీ, ఊరిలో మాటపడుట, వీని వెల దానికంటె ఎక్కువ. మీరు నిజామాబాదు పోయినను మీ పొలము వర్నిలోనే యుండును గదా.

గోడల పగుళ్ల విషయమును ఇచ్చటనే చెప్పెదము. నల్లరేగడి వానలకు ఉబ్బి, ఎండలకు కుంగి పగులును. దానిమీది గోడలు ఎండకాలమున విచ్చి, వానకాలమున కొంత మూసికొనును. పగులు రెండు కొనలను పెన్సిలుతో గుఱుతు పెట్టి, ప్రక్కన తేదీ వ్రాసి యుంచుడు. ఆఱు నెలలకును ఆ గుఱుతు దాటనిచో కొనువారికి చూపుటకు అంతకంటె మంచి సాక్ష్యము లేదు. దాటినచో మేస్త్రీని పిలువక తప్పదు.

వాస్తు చూచువారు గూడ కొలతటేపుతో వత్తురు. ఆగ్నేయము ఆగ్నేయమే, ఎంత తుడిచినను ఈశాన్యము కాదు. వారి మాటలకు మీరు నొచ్చుకొని వంటింటిని మార్చుటకు పూనుకొనవలదు. కొనినవారు తమ యిష్టమువచ్చినట్లు మార్చుకొందురు.

ఏ కాలమున ఎక్కువ జాగ్రత్త కావలెనో అదియు తెలిసికొనుట మంచిది. ఆషాఢము, భాద్రపదము, పుష్యము ఈ మూడు నెలలలో గృహప్రవేశములు జరుగవు గాన చూడవచ్చువారు పలుచబడుదురు. బాగుచేతలు, సున్నములు, అటక దింపుట ఆ నెలలలో పెట్టుకొనుడు. వర్ని ప్రాంతమున తక్కిన తావులకంటె ముందుగా నాట్లు పడును, ముందుగా కోతలు వచ్చును. కోత యంత్రములు తిరుగు దినములలో ఊరంతయు దుమ్మే, రోడ్డంతయు వడ్లే. ఆ పదిదినములు కిటికీలకు తడిగుడ్డలు కట్టి, దినమునకు రెండు పూటలు ఊడ్చుటకంటె వేఱు మార్గము లేదు. వడ్లు అమ్మి డబ్బు చేతికి రాగానే ఇండ్లు కొనువారు కదలుదురు గనుక, ఆ దినములలోనే కబుర్లు ఎక్కువ. ఆ కాలమునకు మాత్రము కూలికి ఒక మనిషిని పెట్టుకొనుటకు మీ భర్తగారు వెనుకాడరాదు. అది ఇంటిఖర్చు కాదు, అమ్మకపు ఖర్చు. మధ్యవర్తి కిచ్చు సొమ్ములో అది ఎన్నవ పాలు?

నిలువనీటి సంగతిని కూడ మఱవకుడు. తొట్లు, పూలకుండీల క్రింది పళ్లెములు, పెరటిలోని పాత టైర్లు, వీనిలోని మంచినీటిలోనే డెంగీ జ్వరపు దోమ గ్రుడ్లు పెట్టును. వారమునకొకమాఱు అన్నిటిని బోర్లించి ఆఱబెట్టినచో పెరడును శుభ్రపడును, పిల్లలును క్షేమముగా నుందురు.

ఇప్పుడు అత్తగారి గది. సోదరి దానినిగుఱించి ఒక్క వాక్యమే వ్రాసి విడిచినది, కాని ఆ వాక్యము మా మనస్సున నాటినది. “వచ్చినవారందఱును అత్తగారి మంచము చుట్టు నిలిచి గది కొలతలు మాటలాడుకొందురు, ఆమె కన్నులు మూసికొని పండుకొనును” అని వ్రాసినది. తన మామగారు కట్టిన ఇంట కోడలిగా అడుగుపెట్టి, సంసారమంతయు నడిపిన వృద్ధురాలు ఆమె. ఆమె గది ప్రదర్శనశాల కాదు. వచ్చువారి కబురు తెలియగానే ముందుగా ఆమెకు చెప్పుడు. ఎవరు వచ్చుచున్నారు, ఏ ఊరివారు, ఎందఱు అనునది చెప్పుడు. ఓపిక యున్నచో కుర్చీలో కూర్చుండబెట్టి అరుగుమీదికి తీసికొనిపోవుడు. ఇల్లు అమ్ముదురా యని ఆమెను అడిగి తెలిసికొను పెద్దలు గూడ వచ్చువారిలో నుందురు. మాటలాడ గలిగినచో ఇంటి సంగతులు ఆమెకంటె బాగుగా చెప్పువారు లేరు. ఓపిక లేనిచో ఆ గది వెడల్పు పొడవులను ఒక కాగితముమీద వ్రాసి యుంచుకొని, గడపవద్దనే నిలిపి, “ఇది మా అత్తగారు విశ్రమించు గది, కొలతలివి” అని చెప్పుడు. మంచి మనస్సు గలవారు లోపలికి రారు. తప్పనిసరియైనచో బేరము కుదిరినంతకు వచ్చిన తరువాత ఒక్కమాఱు చూతురు. మంచమువద్ద దుప్పటులు దినమునకొకటి మార్చి, మలమూత్రపు పాత్రను వెంటనే కడిగి మూతపెట్టి, కిటికీ తెఱచియుంచినచో ఆ గదికి వేఱు అలంకారము అక్కఱలేదు. అది కొనువారి కొఱకు కాదు, ఆమె కొఱకు చేయవలసినదే. ఆ పనిని కూడ కోడండ్రిద్దఱును, కొడుకులిద్దఱును వంతులు వేసికొనవలెను.

ఇంటితో పాటు పత్రములును శుభ్రముగా నుండవలెను. దస్తావేజులు, పంచాయతీకి కట్టిన ఇంటిపన్ను రశీదులు, కరెంటు బిల్లులు ఒకే సంచిలో వరుసగా పెట్టింపుడు. ఇల్లు తాతలనాటిది గనుక ఆడపడుచులతో మాట ముందుగనే యనుకొనుడు. 2005లో హిందూ వారసత్వ చట్టము సవరింపబడినప్పటినుండి ఉమ్మడి యాస్తిలో కూతుండ్రకును కొడుకులతో సమమైన హక్కున్నది. కొనువారి వకీలు వారి సంతకములను గూడ కోరును. సంతకము అవసరమైననాడు ఫోను చేసి “ఒక్కమాఱు వచ్చిపో వదినా” యనుట కంటె, ఇల్లు అమ్మకమునకు పెట్టక మునుపే పిలిచి భోజనము పెట్టి మాటలాడుట మర్యాద.

బయానా ముట్టినతోడనే చీపురును మూలపెట్టువారును కలరు. ఇంతలో దొడ్డిగోడ పడును, చెదలు తలుపును తినును, తీసికొనువారు వచ్చి చూచి నిలువునీరగుదురు. పైన చెప్పిన 55వ విభాగమే, ఒప్పందము కుదిరిన నాటినుండి ఇల్లు అప్పగించు నాటివఱకు, బుద్ధిగల సొంతదారు తన యింటిని ఎట్లు చూచుకొనునో అట్లు దానిని, దాని పత్రములను కాపాడవలెనని అమ్మువానిమీద బాధ్యత నుంచినది. అంతకాలపు పన్నులును అమ్మువారివే. కావున దూలములకు చెదలమట్టి పట్టినదేమో వారమునకొకమాఱు చూచుకొనుచుండవలెను.

ఇల్లు విడుచునాడు తాళపుచెవులకు ఏది దేనిదో చీటీలు కట్టుడు. బోరు మోటారు మీట ఎక్కడ, వాననీరు ఎటు పోవును, సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడ నున్నది యనునది ఒక కాగితముమీద వ్రాసి వంటింటి అల్మారాలో నుంచుడు. ఫ్యానులు, దీపములు, గోడకు బిగించిన అద్దములు ఏవి తీసికొని పోవుదురో, ఏవి విడిచిపోవుదురో ఒప్పందపు పత్రములోనే వ్రాయింపుడు. ఈ చిన్నవస్తువులవద్దనే పెద్ద తగవులు పుట్టును. నేలలో నాటిన చెట్లు చట్టమున ఇంటితో పాటు కొనువారికే చెందును. పెరటి కరివేపచెట్టును, మామిడిని మీరు తీసికొని పోలేరు. తులసికోటలోని మొక్కను తీసికొని పోదలచినచో ఆ మాటను కొనిన యిల్లాలికి ముందుగా చెప్పి, కోటను కడిగి, అందులో మఱియొక లేతమొక్కను నాటి, నీళ్లు పోసి పోవుడు.